తలుపు మాట

మెడలో కొత్త కార్డు వేలాడుతుంటే
మైలపల్లి దానయ్య నా కుర్చీ దగ్గరికొచ్చాడు.
"ఇదేటి రాసినారు మేడమ్?"
కాంట్రాక్టు మారింది.
నిన్నటిదాకా కేర్‌టేకరు.
ఇవాళ, ఫొటో కింద, జానిటర్.

రుషికొండ మీద అద్దాల మేడ.
రాత్రి షిఫ్టు ముగిసే వేళ,
కింద చీకట్లో సముద్రం
ఎవరో పెద్దాయనలా దగ్గుతోంది.

ఫోన్లో నిఘంటువు తెరిచాను.
"జానువా అంటే లాటిన్‌లో తలుపు.
దాన్ని కాసేవాడు జానిటర్.
ఏడాదికి గుమ్మం కదా,
జనవరి కూడా నీకు వరసకి చుట్టమే."
"అప్పన్న కొండ మీద గదలట్టుకుని నిలబడతారు,
అలాటోళ్ళా?"
"అలాంటోళ్ళే" అన్నాను
సగం నిజం చెప్పి.

మిగతా సగం నోట్లోనే ఉంచుకున్నాను.
మాట సముద్రాలు దాటేసరికి
చేతిలో తలుపు జారిపోయి చీపురు మిగిలింది.
అయినా ఇక్కడ కాయడానికి తలుపేదీ?
నీడ పడితే తనే పక్కకి జరిగే అద్దం.
దానయ్య కార్డుకి అదీ జరగదు,
వెనకాల సరుకుల లిఫ్టు ఒక్కటే పలుకుతుంది.

హుద్‌హుద్ నాడు మాత్రం
కిటికీలు ఒక్కొక్కటే పేలిపోతుంటే
సర్వర్ గది తలుపుకి వీపానించి
చీకటి పడేదాకా నిలబడ్డాడట.
ఎవరో చెబితే తెలిసింది నాకు.
ఒకసారి అడిగాను.
"గొళ్ళెం ఇరిగిపోనాది, మరేటి సేస్తానండి."
అప్పటికి ఈ మాట
ఇంకా ఊళ్ళోకి రాలేదు.

బొటనవేలితో కార్డు తుడుచుకున్నాడు దానయ్య.
"అయితే మాయమ్మ కూడా ఇదేనేటండి.
మాయయ్య యేటకెళ్ళిన రేత్రుల్లో
పెదజాలరిపేటలో మా ఇంటికి తలుపేసేది కాదు.
గాలొచ్చినా, వానొచ్చినా
గుమ్మానికడ్డంగా తొంగుండేది.
ఓపాలి మూడు రేత్రులు.
మీ దాన్లో అలాటోళ్ళకీ ఇదే పేరా?"

కిందికి జరిపాను, ఇంకా కిందికి.
స్కూళ్ళున్నాయి, ఆఫీసులున్నాయి,
బకెట్టు పట్టుకున్న బొమ్మొకటి ఉంది.

మూడు రాత్రుల తరవాత
ఆయన వచ్చాడా అని
అడగడం మరిచిపోయాను.

లిఫ్టు వచ్చింది.
ముందు బకెట్టు తోసి, తరవాత తనెక్కాడు.
నాలుగంతస్తులు దిగేదాకా
తాళాల గుత్తి చప్పుడు.