నీళ్లకొచ్చిన జ్వరం

పిచ్చాటూరు దాటినాక ఆరణియారు కాలవ పక్కన
నాలుగెకరాల చేపల గుంట.
కౌలు నాది, అప్పూ నాదే.
వెదురు గడకు దారం కట్టి
ఒక థర్మామీటరు నీళ్లలోకి వేలాడదీశాను.
పొద్దున ఆరుకొకసారి, మధ్యాహ్నం మూడుకొకసారి
చిన్నోడి పాత లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో అంకెలు.

జనవరిలో ఇరవై రెండు.
మేత బస్తా చప్పుడైనా
శీలావతులు పైకి రాని రోజులు.
శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది.
సంతోషించాం కూడా.
ఇరవై ఆరు. ఇరవై తొమ్మిది.
ముప్పై రెండు రాసిన రోజు
ఏకాంబరం ఒక చేపను తెచ్చి నా ముందు పెట్టాడు, ఏమీ అనకుండా.
పొట్ట కింద కుంకుమ బొట్టంత ఎరుపు.
మర్నాటికి అది పుండు.
మూడోనాటికి లెక్క గంపల్లోకి మారింది.

తిరుపతి ల్యాబులో తులసీరాణి
మూతలున్న రెండు గాజు పళ్లేలు చూపించింది.
"మీ గుంట నీళ్లే అక్కా, రెంటికీ.
ఇది చల్లని పెట్టెలో పెట్టింది, ఇది వెచ్చని పెట్టెలో."
మొదటిది దాదాపు ఖాళీ.
రెండోదాంట్లో, రాత్రికి రాత్రే,
మజ్జిగ మీద తేలిన వెన్నపూసలంత చుక్కలు.
"ఇవి కొత్తగా రాలేదక్కా. ఎప్పుడూ ఉన్నవే.
చలికి నీరసించిన చేప తేరుకునేలోపు
ఇవి ముందు లేచాయి."

బస్సులో కిటికీ పక్కన అదే ఆలోచన.
నాకు సుస్తీ చేస్తే నా ఒళ్లే కాలుతుంది,
ఆ మంటతోనే పోట్లాడుతుంది.
చేపకు సొంత వేడి లేదు.
నీళ్లు ఎంతో అదీ అంతే.
జ్వరం కావాలంటే వెచ్చని చోటు వెతుక్కోవాలి,
ఊపిరి కావాలంటే చల్లని చోటు.
నాలుగడుగుల లోతులో
రెండూ ఒకటే చోటు.

రాత్రుళ్లు బోరు వదిలాం. మేత సగం చేశాం.
సున్నం చల్లాం, గుంటలోనూ, పూడ్చిన గోతిలోనూ.
కరెంటు పోయినప్పుడల్లా ఏకాంబరం
మోకాటి లోతుకు దిగి నీళ్లను చేతులతో కొట్టేవాడు.
"ఇంత గాలన్నా పోనీ మా."

ఎన్ని మిగిలాయో, ఇంకా వల వేయలేదు.
వేస్తే తెలిసిపోతుంది.

నోటుబుక్కులో ఒక మధ్యాహ్నానికి మాత్రం అంకె లేదు.
గట్టు రాయికి తగిలి థర్మామీటరు పగిలిన రోజది.
నా రాతే, వంకరగా:
చేయి పెట్టి చూశా.
చిన్నోడి నుదురు మాదిరి ఉండాది.