తొమ్మిది అడుగులు

ప్రతి సోమవారం యూనివర్సిటీ నుంచి ప్రశ్నావళి వచ్చేది.
గత ఏడు రోజుల్లో
గుండె వేగంగా కొట్టుకునేంత శ్రమ
ఎన్ని రోజులు చేశారు, రోజుకి ఎన్ని నిమిషాలు?
గుండె వేగంగా కొట్టుకోవడానికి
శ్రమే చెయ్యాలా, అన్నాడు బెల్త్రాన్.
టెరువెల్‌లో వాళ్ల తాత ఉన్న వృద్ధాశ్రమం నంబరు
ఫోన్ మీద వెలిగినప్పుడల్లా
వాడు కుర్చీలోంచి లేవకుండానే పరుగెత్తేవాడు.

సరగోసా. నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.
ముగ్గురం, ఒక నడవా.
ఇజార్బె గది తలుపు నుంచి వాషింగ్ మెషీన్ దాకా
నా కాళ్లతో తొమ్మిది అడుగులు.
తొమ్మిది, తిరుగు. తొమ్మిది, తిరుగు.
కాలుగాలిన పిల్లికైనా
ఇంతకంటే పెద్ద ఇల్లు ఉండి ఉంటుంది.

మార్చిలో మాకు పౌరుషం ఉండేది.
గోడకి టైంటేబుల్ అంటించాం.
ఇజార్బె ఎబ్రో నది మీద పడవ పోటీల పిల్ల,
నేల మీద కూలబడి
తువ్వాలు రెండు కొసలూ పట్టి తెడ్డు వేసేది,
నీళ్లు లేని నదిని వెనక్కి నెట్టేది.
బెల్త్రాన్ ఐదేసి లీటర్ల నీళ్ల క్యాన్లు ఎత్తేవాడు.
నేను తాడు లేని తాడాట.
కింది ఇంట్లో దోన్యా ఎంగ్రాసియా
చీపురుకర్రతో పైకప్పుని పొడిచేది.
టక్. టక్. టక్.
రాత్రి ఎనిమిదింటికి ఊరంతా బాల్కనీల్లో కొట్టే చప్పట్లు
డాక్టర్లకి, నర్సులకి.
ఇవి మాత్రం మావి, అనుకునేవాళ్లం.

ఏప్రిల్‌కి టైంటేబుల్ ఒక మూల ఊడి వేలాడింది.
కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు,
మాకు పొట్ట దగ్గర మొలిచాయి.
మంచం మీదే క్లాసు, మంచం మీదే తిండి, మంచం మీదే పరీక్ష.
కెమెరా ఆపేసి, వెల్లకిలా పడుకుని
అనాటమీ పాఠం విన్నాను:
తొడ కండరం, పిక్క కండరం, మడమ నరం.
అన్నీ నా దగ్గరున్నవే,
కదిలేది ఒక్కటీ లేదు.
రాత్రి ఫోన్ లెక్క చెప్పేది:
ఈరోజు మీ అడుగులు రెండొందల పదకొండు.
పక్కనే చిన్న బాణం, కిందికి.
చెత్తసంచి కోసం కొట్లాడుకున్నాం,
ఎవరు పారెయ్యాలని కాదు,
పారేసే అదృష్టం ఇవాళ ఎవరిదని.
మెట్లు డెబ్భై ఆరు. దిగి, ఎక్కితే, నూట యాభై రెండు.

ఒక మంగళవారం ఆ నంబరు వెలిగింది.
బెల్త్రాన్ విన్నాడు, ఫోన్ బోర్లా పెట్టాడు,
ఎత్తే క్యాన్ మూత తిప్పి
ఆ నీళ్లు తాగాడు.
అంత్యక్రియలకి ముగ్గురికే అనుమతి.
వాడు ఆ ముగ్గురిలో లేడు.

ఆ తర్వాత ఎవరమూ గెంతలేదు.
ఒక రోజు. రెండు రోజులు.
మూడో రోజు సాయంత్రం ఆరింటికి
కింద నుంచి
టక్. టక్.
మూడు కాదు, రెండే.
కోపం కాదది.
ఎవరైనా ఉన్నారా అని
తలుపు తట్టినట్టు.

ఇజార్బె నా వైపు చూసింది, నేను బెల్త్రాన్ వైపు.
వాడు లేచి, సాక్సులతోనే,
ఒక్కసారి
బరువుగా గెంతాడు.

తర్వాతెప్పుడో గ్యాస్ బండ పైకి మోసిచ్చినప్పుడు
తలుపు సందులోంచి, మాస్కులోంచి చెప్పిందామె:
మీరు గెంతే వేళకే నేనూ
కుర్చీ పట్టుకుని కాళ్లెత్తుతాను.
మిమ్మల్ని తిట్టుకుంటూ ఎత్తితే
మోకాలి నొప్పి తెలీదు.

సోమవారం ఆ బండని
'బరువైన పని' గడిలో రాశాను, పన్నెండు నిమిషాలు.
బెల్త్రాన్ గెంతుకి ఎంత వెయ్యాలో తెలియక
వాడినే అడిగాను.
సున్నా వెయ్యి, అన్నాడు.

మే రెండు. ఉదయం ఆరు నుంచి పది దాకా
వదిలారు మమ్మల్ని.
ఎబ్రో గట్టున ఊరు ఊరంతా పరుగు,
బస్సు కోసం కూడా పరుగెత్తని వాళ్లు
పెట్టెలోంచి అప్పుడే తీసిన బూట్లతో.
పడవలకి ఇంకా అనుమతి లేదు,
ఇజార్బె ఒడ్డున నిలబడి
ఖాళీ చేతులతో రెండు తెడ్లు వేసింది.
నేను పరుగు మొదలెట్టాను.
గాలి, తెరిపిలేని గాలి,
పోప్లర్ చెట్ల దూది ముక్కులోకీ నోట్లోకీ.
ఏడు, ఎనిమిది, తొమ్మిది.
ఎదురుగా గోడ లేదు,
వాషింగ్ మెషీన్ లేదు,
అయినా నా కుడికాలు
తనంతట తానే
వెనక్కి తిరిగింది.