విషయం: సముద్రం చూపించుట గురించి

పదిహేడేళ్లుగా సొహార్‌లో నా పని
ప్రాధేయపడటం.
ఇంగ్లీషులో ఒకటి, అరబీలో ఒకటి,
ఫైలుకొకటి.
బడి గోడకు రంగు మార్చాలన్నా,
ఎండాకాలం గంటను అరగంట ముందుకు జరపాలన్నా,
మూడో తరగతిలో మంచు కురిసే పేజీ తీసేసి
ఇసుక గాలి మీద ఒక పేజీ చెప్పుకుంటామన్నా
నేనే టైపు కొట్టాలి: గౌరవనీయులైన అయ్యా.

జగిత్యాలలో మా నాయిన బీడీల కార్ఖానాలో
లెక్కలు రాసేవాడు.
చెయ్యి అదే. కాగితం మారింది.

కార్యాలయం రౌండబౌట్ అవతలే.
నడిస్తే నాలుగు నిమిషాలు,
ఉత్తరానికైతే నలభై రోజులు.

సుగుణావతి టీచర్‌ది కళింగపట్నం వైపు.
ఆటుపోట్ల పాఠం బోర్డు మీద చెప్పనంటుంది.
"నీళ్లు తగ్గినాక ఇసుక మీద గీతలుంటాయండీ,
అవి చూపించాలి.
సుద్దముక్కతో గీస్తే ఉత్త గీతలే అవుతాయి."
నేను రాశాను: ఫలానా తేదీ, ఉదయం పదిన్నర,
ముప్పై ఎనిమిది మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు,
తీరానికి మూడు కిలోమీటర్లు.
అనుమతి వచ్చింది. అబద్ధమెందుకు, వచ్చింది.
ముద్ర కూడా చక్కగా పడింది.
కాకపోతే వాళ్లే తేదీ ఒక వారం జరిపారు.
ఆ రోజు పదిన్నరకు
సముద్రం గట్టు దాకా నిండి ఉంది.
తప్పు నాదే,
చంద్రుడికి కాపీ పంపలేదు.

అయినా ఇన్‌స్పెక్టర్ హిలాల్ సారును నేను తిట్టను.
ఒకసారి తనిఖీకొచ్చి ఏ రిజిస్టరూ అడక్కుండా
నేరుగా బస్సెక్కాడు.
చివరి సీటు దాకా వంగి వంగి చూసి దిగి,
డ్రైవరును ఎక్కించి మళ్లీ చూపించాడు.
"ఒక్క పిల్ల నిద్రపోయినా చాలు" అన్నాడు,
బయట ఎండ వైపు చూస్తూ.
ఆ ఒక్క కాగితం నా చేత ఎప్పటికీ కొట్టించండి.
కిటికీ తెరల రంగు మాత్రం
మాకొదిలేయండి.

ఈ ఏడు రంజాన్ సెలవులకు ముందు
రెండు పేరాల సర్క్యులర్ దిగింది:
పాఠాల వేళలు, పర్యటనలు, చిన్న కొనుగోళ్లు
ఇక బడి ఇష్టం.
ప్రిన్సిపాల్ లిస్సమ్మ మేడం మూడుసార్లు చదివి
కళ్లద్దాలు తుడుచుకుంది.
"సరే, దీన్ని అమలు చేయడానికి
అనుమతి కోరుతూ ఒక ఉత్తరం కొట్టండి."
కూర్చున్నాను కూడా.
'గౌరవనీయులైన' దగ్గర వేలు ఆగింది.
ఎవరు?

ఆ నెలంతా బడిలో ఎవరూ ఏ తప్పూ చేయలేదు.
ఎవరూ ఏమీ చేయలేదు.
తాడు విప్పినంక కూడా బర్రె
గుంజ చుట్టే తిరుగుతదని
మా నాయిన అంటుండె.

తర్వాతొక మంగళవారం
సుగుణావతి టీచర్ నా బల్ల మీద చీటీ పెట్టింది.
చేపల బజారులో పడవల వాళ్లను అడిగి రాసుకుందట.
ఒకటే వరుస:
పాటు, పొద్దున తొమ్మిదీ నలభై.
మేడం చీటీ మీద పెన్ను ఆనించి
చాలాసేపు తీయలేదు.
"ఏమన్నా అయితే నాదే కదా" అంది,
మాలో ఎవరితోనూ కాదు.
సంతకం చిన్నగా, కొంచెం వంకరగా పడింది.

నీళ్ల సీసాల పెట్టె మోస్తూ నేనూ పోయాను.
పదిహేడేళ్లలో బడి వేళప్పుడు
సముద్రం చూడటం అదే మొదలు.
తడి పలక ఎవరో తుడిచి పెట్టినట్టు
అది వెనక్కి జరిగి ఉంది.
గీతలు ఉన్నాయి, ఆమె చెప్పినట్టే.
ఐదో తరగతి ఫర్హీన్ చెప్పులు చేతబట్టుకుని
"అంకుల్, దీన్ని వెనక్కి పొమ్మని
ఎవరు చెప్పారు?" అంది.
నాకు తెలుసు జవాబు. అయినా టీచర్‌ను చూపించాను.

బడికొచ్చాక అందరూ దిగిపోయారు.
నేను మళ్లీ ఎక్కి
చివరి సీటు దాకా వంగి వంగి చూశాను.
ఇసుక, ఒక గవ్వ, ఎవరిదో టోపీ.
చూడమని ఎవరూ రాయలేదు.