అవకాశం అంటే

హెడ్డాఫీసు నించి గోడపత్రిక వచ్చింది.
ఇంగ్లీషులో ఉంది, హిందీలో ఉంది.
ఒడియా చేసింది టైమాఫీసు పాత్రో.
తెలుగు నాకు పడింది,
రాయగడ కాగితం మిల్లులో
సరుకుల లెక్క రాసే నాకు.

"సమాన అవకాశాలు."
సులువుగానే దొరికేయి,
రెండు మాటలూ తూకంరాళ్ళలా సరిపోయేయి.
అంటించి, జిగురు చేతులు
ప్యాంటుకి తుడుచుకుంటుంటే

క్రేను దిగింది సుమని వడక.
నలభై రెండు మెట్లు.
నాలుగు టన్నుల వెదురుకట్టని
గుడ్డు దింపినట్టు దింపుతుందని
షిఫ్టు ఇంజనీరే చెప్తాడు,
ఆమె లేనప్పుడు.

"ఏటి రాసినావు బావూ?"
చదివేను.
"అవకాశం అంటే?"
వాళ్ళ కువిలో చెప్పడం నాకు రాదు.
మా అమ్మ తెలుగులోకి దిగేను:
"చోటు. కాళీ చోటు. నీకూ నాకూ ఒక్కలాగే."

"ఎక్కడ?"
నిజంగానే అడిగింది,
సంతలో ఉప్పుకొట్టు అడిగినట్టు.

వేళాకోళమనుకుని నవ్వబోయేను.
అప్పటికే ఆమె నడుస్తోంది
చిప్పర్ షెడ్డు దాటి, బొగ్గుగుట్ట దాటి,
కాటా గేటు దాటి, క్యాంటీను వెనక్కి,
మిల్లు మొత్తానికి ఆడవాళ్ళకున్న
ఒకే ఒక్క తలుపు దాకా.
పొద్దున్నించీ నీళ్ళు తాగలేదుట.

తిరిగొచ్చేసరికి పదిహేడు నిమిషాలు.
లాగుబుక్కులో రాసేరు:
"ఆపరేటరు సీటులో లేరు."

ఆ రాత్రి ఇండెంటు పుస్తకం తీసేను.
ఇటుకలు, సిమెంటు, రెండు కుళాయిలు,
లోపలి గడియ ఒకటి.
ఎందుకు అన్న గడిలో
తెలుగులోనే రాసేను,
ఎవరిచేతైనా చదివించుకోనీ:
అవకాశం.

ఇంకా సంతకం కాలేదు.
సుమని రోజూ అటు వెళ్తూ
నా కిటికీ మీద వేలితో కొడుతుంది.