చప్పన

అంతర్వేది పల్లిపాలెం నుంచి నాలుగు మైళ్ళు లోపలికి,
ఆరు బారల నీళ్ళ మీద
రేవు దాటించే పంటు లాంటిదే ఒకటి.
దాని నడుమ మా డ్రిల్లు.

మొన్నటిదాకా పడవ వెనక తీగ లాగాం.
ఉప్పులో కరెంటు ఉరుకుతుంది,
మంచినీటి దగ్గర తడబడుతుంది.
ఆ తడబాటునే వారం రోజులు గీతలుగా గీశాను.
కొల్లాటి సత్తిరాజు తెరలోకి తొంగిచూసి
"స్కానింగా అండీ? ఎన్నో నెల?" అన్నాడు.

నవ్వాను. లెక్క చెప్పాను కూడా.
సముద్రం అప్పట్లో ఇక్కడ లేదు.
గోదారి ఇంకా చాలా దూరం నడవాల్సొచ్చేది.
మనం లంగరేసిన చోట ఇసుక తిన్నెలు, వాటి మీద వాన,
ఆరుద్రలోనో మఖలోనో...
కార్తెలకు పేర్లు పెట్టినవాళ్ళు ఇంకా పుట్టలేదు.
తర్వాత ఉప్పునీళ్ళు పైకొచ్చాయి,
బంకమట్టి మూత బిగిసింది,
వాన కిందే ఉండిపోయింది.

నమ్మాడో లేదో.
వాళ్ళ వీధి బోరు
రొయ్యల చెరువులొచ్చిన మూడో ఏడు ఉప్పెక్కింది.
ఇంటావిడ నూకరత్నం
ఇరవై రూపాయల టిన్ను నీళ్ళతో బియ్యం కడిగి,
ఆ కడుగుతోనే గిన్నె తొలిచి,
ఆ తొలిచినవి మునగమొక్కకి పోస్తుంది.

మధ్యాహ్నం మూడింటికి, తొంభై మీటర్ల కిందనుంచి,
గొట్టం నిండా బూడిదరంగు ఇసుక.
పిండితే సిరంజిలోకి పదకొండు మిల్లీలీటర్లు.
పది సీసాలోకి. మూత, లేబులు, తేదీ.
మిగిలింది మీటరుకి.
అంకెలు కుదురుకునేలోగా
గొట్టం అంచున వేలాడే చుక్కని
సత్తిరాజు వేలికి ఎక్కించుకుని నాలిక మీద రాసుకున్నాడు.
వద్దనడానికి నోరు తెరిచానంతే.

"చప్పగా ఉందండీ."

కూరని తిట్టడానికి మా ఇంట్లో వాడే మాట.
అంత మురిపెంగా ఎవరైనా అనగా
నేనెప్పుడూ వినలేదు.

మీటరు కాసేపటికి ఒప్పుకుంది.

తిరిగొస్తుంటే చుక్కాని దగ్గర్నుంచి అడిగాడు:
"పైకి తెస్తే ముందెవరి పైపులోకండీ,
మాకా, చెరువులకా?"

దీపస్తంభం వెలుగు మా మీదుగా ఒకసారి తిరిగెళ్ళింది.
నా పుస్తకంలో లోతుకి గడి ఉంది, ఉప్పుకి ఉంది,
ల్యాబు నుంచి కబురొచ్చాక వయసు రాయడానికి
ఒకటి ఖాళీగా ఉంది.
"ఇతర వివరాలు" అన్న చోట
పెన్సిలుతో "చప్పన" అని రాశాను.
దాని కిందే అతనడిగింది, అడిగినట్టే.
చోటు చాల్లేదు.
"చెరువులకా" అన్న మాట
గీత దాటి మార్జిన్లోకి వెళ్ళిపోయింది.