మెరుగు

అయనావరంలో మా అపార్ట్‌మెంట్ కింద
మూడో స్తంభం పక్కన
ఆదివారం ఏడింటికే చతికిలబడ్డాను.
పాత లంగా చింపిన గుడ్డలు,
అరచేతంత పాలిష్ డబ్బా,
రెండు బకెట్ల మెట్రో వాటర్.

మెరూన్ రంగు కారు. నాకంటే ముందు ఇద్దరిది.
బానెట్ మీద కాకుల సున్నపు సంతకాలు,
తలుపు మీద ఎవరో పిల్లాడి తాళంచెవి గీత,
కింద, పోయిన వానల నీళ్ళు ఎంతవరకొచ్చాయో చెప్పే చార.
షాపువాడు తొమ్మిది వేలన్నాడు.
తొమ్మిది వేలంటే మా ల్యాబులో
పదమూడు నైట్ డ్యూటీలు.
ఇత్తడి బిందెలు తోమినదాన్ని, ఇదో లెక్కా అనుకున్నాను.

తోమాను.
చింతపండు పట్టిన చెయ్యే,
గుండ్రంగా, గుండ్రంగా, పంతంగా.
వాచ్‌మన్ దేవసహాయం కాసేపు చూసి
ఏమీ అనకుండా ఇంకో బకెట్ పెట్టి వెళ్ళాడు.
పదింటికి బానెట్‌లో నా ముఖం తేలింది.
ముక్కు కాస్త వెడల్పు, అయినా నాదే.
ఫోటో తీసి అక్కకు పంపాను.

పదకొండింటికి ఎండ గోడ దాటి లోపలికొచ్చింది.
బానెట్ నిండా సాలెగూళ్ళు!
నా చెయ్యి తిరిగిన ప్రతి చుట్టూ
వేలిముద్రలా లేచి నిలబడింది.
చక్రం పైన అంచులో, మరీ ప్రేమగా రుద్దినచోట,
బొటనవేలి గోరంత
బూడిదరంగు ప్రైమర్.

పుదుపేటలో నిజాముద్దీన్ భాయ్
వేళ్ళ వెనకవైపు ఆనించి చూశాడు,
జ్వరం చూసినట్టు.
"ఎవరు చేశారమ్మా?"
"ఏదో షాపులో."
నా గోళ్ళ సందుల్లో తెల్లటి పేస్టు చూసి
"మంచి షాపే, చేతిలో బలముంది" అన్నాడు.

మిషన్ తీసేముందు అంచులన్నిటికీ టేపు వేశాడు.
చిన్న మీటరు పెట్టి అంకెలు చదివాడు.
"ఇక్కడ నూట పది. ఇక్కడ ఎనభై.
ఇక్కడ... సరే, వదిలెయ్యండి.
పూస్తే రాదమ్మా మెరుపు, తీస్తేనే వస్తుంది.
గీతను చెరిపేవాడెవడూ లేడు,
చుట్టూ ఉన్నదాన్ని గీత దాకా దించుతాం, అంతే.
ఈ ఒక్కసారికీ సరిపోతుంది.
ఆ తర్వాత ఎవరి చేతికీ ఇవ్వకండి,
నా చేతికైనా సరే."

రోజూ రక్తంలో అంకెలు చదివేదాన్ని.
తరిగిపోయేదాన్ని అంకెగా చెప్పేటప్పుడు
గొంతు ఎంతలో ఉండాలో నాకు తెలుసు.
ఆయన గొంతు సరిగ్గా అంతలోనే ఉంది.

నాలుగున్నర వేలు. ఆరున్నర రాత్రులు.
గోరంత మచ్చకి కుంచెతో చుక్క పెట్టాడు,
ఒక పిసరు ముదురు రంగు.
తెలిసినవాళ్ళకే తెలుస్తుంది.

ఎగ్మోర్ సిగ్నల్ దగ్గర
బైకు మీది కుర్రాడొకడు
నా తలుపులో చూసుకుంటూ దువ్వెన తీశాడు.
నేను అద్దం దించలేదు.
పాపిడి కుదిరేదాకా
గ్రీన్ పడకపోతే బాగుండుననిపించింది.