తొంభై తొమ్మిది

ఓడలో వంటచేసే మా ఢిల్లేశు
అడిలైడ్ రేవులో కొన్నాడట ఆ సీసా.
నాలుగు నెలలు లుంగీల మధ్య పడుకుని
కవిటిలో మా డాబా మీద లేచింది.

బిరడా రాలేదు.
స్క్రూడ్రైవరుతో లోపలికే తోసేశాం.

దాంతో వచ్చిన కాగితం నేను చదివాను:
నల్లనేరేడు, పొగాకు, పాత తోలు,
వాన పడ్డ కొలిమి వాసన.
నలభై ఏళ్లు దాచుకోవచ్చు.
నూటికి తొంభై తొమ్మిది.

దాలయ్య స్టీలుగ్లాసు ఊపి చూశాడు.
కుండ మూతి దగ్గర ముక్కు పెట్టి
పోతుతాడో, పండుతాడో,
ఏ గట్టు మీది చెట్టో చెప్పేసే మనిషి.
పొద్దుటి కల్లు సాయంత్రానికి ముసలిదయ్యే లెక్క ఆయనది.
నలభై ఏళ్లంటే నవ్వొచ్చింది.

పుక్కిట పట్టి, మింగి, చాలాసేపు పలకలేదు.
"నేరేడు నిజివే. తోలంటావా, నా మోకు వాసన.
ఆ ఒక్క మార్కూ ఎవుడు తినీసినాడ్రా?"

తర్వాత సీసా తిప్పి
కాగితం మీది అంకెల్ని బొటనవేలితో తడిమాడు.
ఏ ఏడుదిది?
రెండువేల పద్దెనిమిది, అన్నాను.

తిత్లీ ఏడు.

తెల్లారేసరికి ఉద్దానం
ఒకే పక్కకి దువ్విన తలలా పడుంది.
ఆయన కట్టే తాళ్లలో పదకొండు
మొవ్వు తెగి మొండెమయ్యాయి.

కాగితంలో ఆ ఏటి సంగతీ ఉంది.
ఎండ నిదానం, గాలి మెత్తన,
పదేళ్లకోసారి వచ్చే కాలమని.
ఆ వాక్యం పైకి చదవకుండా దాటేద్దామనుకున్నాను.
ఢిల్లేశు చదివేశాడు.

"పోన్లే బావూ,
ఎక్కడో ఒక్కసోటైనా బాగా పండింది"
అని గ్లాసు మళ్లీ చాపాడు దాలయ్య.

ఈసారి వాసన చూడలేదు.